ఒకే ఒక్క పాత బోర్డో బాటిల్, మిత్రులేమో 12 మంది: ఎలా పంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పాత కంపెనీలో మీ ఫ్రెంచ్ మేనేజర్ వెళ్లిపోతూ ఇచ్చిన ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్, 2005 షాటో లెయోవిల్ బార్టన్ బాటిల్ ఒకటి నాలుగేళ్లుగా మీ దగ్గర ఉంది. వచ్చే నెల మీ 40వ పుట్టినరోజు. ఇంజినీరింగ్ బ్యాచ్ మిత్రులు 12 మంది కొండాపూర్‌లో మీ ఇంటికి వస్తున్నారు. వాళ్లలో ఎక్కువ మంది విస్కీ అలవాటున్నవాళ్లు. బాటిల్ అందరికీ తలా కాస్త పోయాలా, కొందరినే పిలవాలా, ఎంత ముందు తెరవాలి, పక్కన తినడానికి ఏం పెట్టాలి, సగం తాగి సగం దాచుకోవచ్చా అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో ఒక హోటల్ బార్‌లో పని మొదలుపెట్టి, లండన్ రెస్టారెంట్లలో చాలా ఏళ్లు వైన్ సర్వీస్ చేసి, ఇప్పుడు బెంగళూరులో హోటల్ సిబ్బందికి అదే పని నేర్పుతున్నాను. ఇలాంటి బాటిళ్లు తెరవడం, ఇతరులు తెరుస్తుంటే చూడటం నా ఉద్యోగంలో భాగం.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ బాటిల్‌ని పుట్టినరోజు పార్టీలో తెరవకండి. వేరే రోజు సాయంత్రం, మీతో కలిపి ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది కూర్చోండి. విస్కీ బయటికి రాకముందు, నోట్లో కారం పడకముందు తాగండి. గంట, గంటన్నరలో అయిపోతుంది. ఆ తర్వాత బిర్యానీ తెప్పించుకుంటారో, పేకాట వేసుకుంటారో మీ ఇష్టం. సగం దాచుకునే ఆలోచన మాత్రం మానేయండి.

ఇప్పుడు కారణాలు.

ముందు లెక్క చూద్దాం. బాటిల్‌లో ఉండేది 750 మి.లీ. 20 ఏళ్లు దాటిన బోర్డో కాబట్టి అడుగున మడ్డి ఉంటుంది, దానితో పాటు 40 మి.లీ. దాకా వదిలేయాల్సి వస్తుంది. తెరవగానే మీరు రుచి చూడటానికి ఇంకో 20 పోతుంది. మిగిలిన 690ని 12 మందికి పోస్తే తలకి 57, అంటే లార్జ్ పెగ్గు కన్నా తక్కువ. రెండు గుక్కల్లో అయిపోతుంది. ఇలాంటి వైన్ గ్లాసులోకి వచ్చాక పావుగంటకోసారి మారుతూ ఉంటుంది. మొదట మూసుకుపోయినట్టు ఉండి, తర్వాత వాసనలు ఒక్కొక్కటే బయటపడతాయి. రెండు గుక్కలు తాగినవాడికి ఆ మార్పు తెలిసే అవకాశమే లేదు. ఆరుగురైతే ఒక్కొక్కరికి 115 మి.లీ. వస్తుంది, నలభై నిమిషాలు నెమ్మదిగా తాగొచ్చు. ఎనిమిది మందైతే 86. అంతకు మించితే ‘నేనూ తాగాను’ అని చెప్పుకోవడానికే పనికొస్తుంది.

దీనికన్నా పెద్ద ఇబ్బంది పార్టీయే. నగర శివార్లలో ఒక ఫామ్‌హౌస్‌కి అతిథిగా వెళ్లినప్పుడు చూశాను. ఇంటాయన తన దగ్గరున్న మంచి బోర్డోని అందరూ వచ్చాకే తియ్యాలని అట్టే పెట్టుకున్నాడు. చివరివాళ్లు వచ్చి, కేక్ కోసి, ఆ బాటిల్ బల్ల మీదికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పటికి చాలామంది నాలుగో పెగ్గులో ఉన్నారు. చికెన్ 65, అపోలో ఫిష్ ప్లేట్లు ఖాళీ అయ్యాయి. గాజు గ్లాసులు చాలక పేపర్ కప్పుల్లో పోశారు. ఒకాయన అలవాటు ప్రకారం సోడా కలుపుకున్నాడు. ఇంకొకాయన మర్యాద కోసం చప్పరించి, ‘బావుంది గానీ కాస్త పులిసినట్టుంది’ అన్నాడు. ఆయన్ని అనడానికేం లేదు. మన విస్కీలో ఆల్కహాల్ దాదాపు 43 శాతం, ఆ వైన్‌లో 13 దరిదాపుల్లో ఉంటుంది. పైగా కారం తిన్న నోరు. ఆ నోటికి ఏ వైనైనా పల్చగా, పుల్లగానే తగులుతుంది. ఇంటాయన ముఖం చూస్తే మాత్రం జాలేసింది.

అందుకే మనుషుల సంఖ్య కన్నా కూర్చునే వేళ ముఖ్యం. సాయంత్రం ఆరున్నర, ఏడు మంచి సమయం. కడుపు పూర్తిగా ఖాళీగా ఉండకూడదు, నిండుగానూ ఉండకూడదు. వచ్చేవాళ్లు మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ, పాన్ మసాలా, ఘాటు ఏలకుల టీ లాంటివి మానేస్తే ఇంకా మంచిది. ఆ మాట చెబితే మీ మిత్రులు నవ్వుతారని నాకు తెలుసు, అయినా చెప్పండి. వచ్చేటప్పుడు క్యాబ్‌లో రమ్మనండి. మీ వైపు వీకెండ్ చెకింగ్‌ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఎవర్ని పిలవాలి? వైన్ తెలిసినవాళ్ల కోసం వెతకొద్దు. నా అనుభవంలో ఇలాంటి బాటిల్ దగ్గర అందరికన్నా ఇబ్బంది పెట్టేది సగం తెలిసినవాడే. సీసా తెరవకముందే ఫోన్‌లో రేటింగ్ చదివి వినిపిస్తాడు, ఇక మిగిలిన అందరూ ఆ రాతని వెతుక్కుంటూ తాగుతారు. గంటసేపు ఫోన్ పక్కన పెట్టగలిగేవాళ్లు, వంటలో ఉప్పు తక్కువైతే మొదటి ముద్దకే చెప్పేవాళ్లు, మీతో పాత కబుర్లు ఉన్నవాళ్లు కావాలి. జీవితంలో వైన్ ముట్టనివాళ్లు ఒకరిద్దరు ఉంటే ఇంకా బాగుంటుంది. ఆ మేనేజర్ దగ్గర మీతో పాటు పనిచేసినవాళ్లు ఎవరైనా హైదరాబాద్‌లో ఉంటే వాళ్లకి మొదటి కుర్చీ వేయండి, ఆ బాటిల్‌లో వాళ్లకీ వాటా ఉన్నట్టే.

మిగతావాళ్లు నొచ్చుకుంటారేమో అని రాశారు. దాచిపెడితే నొచ్చుకుంటారు. ‘ఒకే బాటిల్ ఉందిరా, ఆరుగురికే సరిపోతుంది, విస్కీ వదిలేసి వైన్ కోసం వచ్చేవాళ్లు చెప్పండి’ అని ముందే చెప్పేయండి. సగం మంది వాళ్లే తప్పుకుంటారు. ఆ సాయంత్రం ఫొటోలు మాత్రం బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి, అక్కడే మొదలవుతాయి అలకలు.

12 మందినీ కూర్చోబెట్టి తీరాలి అనుకుంటే ఒక దారి ఉంది. ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతంలో మెర్సో అనే ఊళ్లో ఏటా నవంబరులో ‘లా పోలే’ అని ఒక విందు జరుగుతుంది. ద్రాక్షకోతల తర్వాత పనివాళ్లకి పెట్టే పాత భోజనాల ఆనవాయితీని 1923లో జూల్ లఫోన్ అనే ద్రాక్షతోటల యజమాని మళ్లీ మొదలుపెట్టాడు. అక్కడికి వచ్చే ప్రతివాళ్లూ తమ సొంత బాటిళ్లు పట్టుకొస్తారు, పక్క బల్లల వాళ్లకి పోస్తూ తిరుగుతారు. మీరూ అలా ఇద్దరికొక బాటిల్ తెమ్మనొచ్చు. అప్పుడు మీ లెయోవిల్ బార్టన్ తలా 50 మి.లీ. అయినా, అది ఏడు వైన్లలో ఒకటి కాబట్టి ఎవరికీ కొరత అనిపించదు. అయితే మీ బ్యాచ్ ఎక్కువగా విస్కీ బ్యాచ్ అంటున్నారు కాబట్టి నా ఓటు ఆరుగురికే.

ఇక బాటిల్ సంగతి. మీరు ఒక ముఖ్యమైన వివరం రాయలేదు: ఈ నాలుగేళ్లూ అది ఎక్కడ ఉంది? 2005 బోర్డోలో గొప్ప సంవత్సరం. లెయోవిల్ బార్టన్ వాళ్లు ఆ ఏడు తీసిన వైన్ బాగా వగరుతో, ఏళ్ల తరబడి నిలవుండే రకం. 12, 14 డిగ్రీల చల్లటి వైన్ నేలమాళిగలో పడుకోబెడితే ఇంకా చాలాకాలం ఉంటుంది. కానీ హైదరాబాద్‌లో వార్డ్‌రోబ్ పై అరలో నాలుగు ఎండాకాలాలు గడిపిందంటే లెక్క వేరు. వేడికి లోపలి వైన్ వ్యాకోచించి బిరడాని బయటికి నెడుతుంది, చల్లబడ్డాక గాలిని లోపలికి లాగుతుంది. అలా ఏటా జరిగితే వైన్ ఉడికిపోయినట్టవుతుంది.

తెరవకుండానే కొన్ని గుర్తులు చూడొచ్చు. మూత మీది రేకు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగితే మంచిదే. వైన్ కారి ఎండితే అది సీసాకి అంటుకుపోతుంది. బిరడా అంచుని దాటి పైకి ఉబ్బినట్టు ఉందా? మెడ చుట్టూ జిగురుగా ఉందా? బాటిల్‌ని నిలబెట్టి వైన్ ఎంతవరకు ఉందో చూడండి. మెడలో, లేదా మెడ మొదట్లో ఉంటే ఈ వయసుకి చాలా బాగున్నట్టు. భుజం మధ్యకి దిగితే అనుమానించాలి. మామూలు ఫ్రిజ్‌లో ఉందంటారా? నాలుగు డిగ్రీల చలి, పొడి గాలి అంత మంచివి కాకపోయినా, మన ఎండాకాలపు వార్డ్‌రోబ్ కన్నా వెయ్యి రెట్లు నయం.

ఏ పరిస్థితిలో ఉన్నా ఇంకా దాచకండి. 50వ పుట్టినరోజుకి, పిల్ల పెళ్లికి అని ఆపే బాటిళ్లు మన ఇళ్లల్లో బాగుపడవు. ఈ వాయిదాల జబ్బు మనకే కాదు. అమెరికాలో వైన్ కాలమిస్టులు డొరతీ గేటర్, జాన్ బ్రెషర్ దంపతులు 1999లో ‘ఆ బాటిల్ తెరిచే రాత్రి’ అని ఒకటి మొదలుపెట్టారు, అది ఫిబ్రవరి ఆఖరి శనివారం జరుగుతుంది. ఏదో గొప్ప సందర్భం కోసం దాచుకున్న బాటిల్‌ని ఆ రోజు ఏ సందర్భం లేకుండానే తెరవాలి. మీకు పుట్టినరోజు ఉంది కాబట్టి ఫిబ్రవరి దాకా ఆగక్కర్లేదు.

తయారీ రెండు రోజుల ముందు మొదలవుతుంది. ఫ్రిజ్‌లో ఒక అర తీసేసి బాటిల్‌ని లోపలి వైపు నిటారుగా నిలబెట్టండి. తలుపులో వద్దు, తీసినప్పుడల్లా కుదుపు తగిలి మడ్డి లేస్తుంది. ఈ మడ్డి చెడిపోయిన గుర్తు కాదు. వగరుకి, రంగుకి కారణమైన పదార్థాలు ఏళ్ల మీద ఒకదానితో ఒకటి అతుక్కుని బరువెక్కి కిందికి దిగుతాయి. అందుకే పాత వైన్ లేత వైన్ కన్నా మెత్తగా ఉంటుంది. తాగితే ప్రమాదం లేదు గానీ నోట్లో ఇసుకలా, చేదుగా తగులుతుంది. ఇంకొకరి ఇంట్లో కూర్చునేట్టయితే బాటిల్‌ని రెండు రోజుల ముందే అక్కడికి చేర్చండి. అదే రోజు కారు డిక్కీలో వేసుకుని వెళ్తే మీరు నిలబెట్టిందంతా వృథా.

తెరవడానికి గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి. రెడ్ వైన్‌ని ‘రూమ్ టెంపరేచర్’లో తాగాలంటారు కదా, ఆ రూమ్ యూరప్‌లో హీటర్లు లేని కాలపు రూమ్. 16 నుంచి 18 డిగ్రీలు మీ లక్ష్యం. మన హాల్లో ఏసీ 24కి పెట్టినా గ్లాసులో అది వేగంగానే వేడెక్కుతుంది, కాబట్టి కాస్త చల్లగా మొదలుపెట్టడమే మేలు. చేత్తో పట్టుకుంటే కుండలోని నీళ్లంత చల్లగా ఉంటే సరిపోతుంది. వెచ్చబడితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొట్టి మిగతా వాసనలన్నీ అణిగిపోతాయి.

తెరిచేటప్పుడు తొందరపడకండి. బిరడాకి 20 ఏళ్లు, కింది సగం మెత్తబడి ఉండొచ్చు. వెయిటర్లు వాడే మామూలు మడతపెట్టే స్క్రూ చాలు, కానీ దాని మెలిక పొడవుగా ఉండాలి. బిరడా మధ్యలో నిటారుగా దింపి, దాదాపు చివరి దాకా తిప్పి, మెల్లగా లాగండి. రెండు రెక్కలు పక్కలకి లేచే రకం పాత బిరడాలకి వాడొద్దు, మధ్యలో గుంత తవ్వి ఊరుకుంటుంది. విరిగిపోయినా టెన్షన్ పడక్కర్లేదు. మిగిలిన ముక్కలోకి వాలుగా స్క్రూ దింపి ప్రయత్నించండి, రాకపోతే లోపలికి నెట్టేసి కొత్త స్టీలు జల్లెడలో వడకట్టండి. కొత్తదే అని ఎందుకంటున్నానంటే, ఇంట్లో టీ వడకట్టేదానికి ఏలకులు, అల్లం వాసన ఎంత తోమినా పోదు.

తర్వాత ఒక 20 మి.లీ. పోసుకుని మీరొక్కరే రుచి చూడండి. ఎంతసేపు గాలి తగలనివ్వాలి అన్నది ఇక్కడ తేలుతుంది. దీని మీద వైన్ పెద్దలే ఒక మాట మీద లేరు. ఆధునిక బోర్డో వైన్ తయారీని మలుపు తిప్పిన ఎమిల్ పేనో మడ్డి ఉంటేనే వేరే పాత్రలోకి వంచాలని, అదీ తాగే ముందే చేయాలని అనేవాడు. ఎక్కువసేపు గాలికి వదిలితే వాసన పోతుందని ఆయన వాదన. బాగా పాతబడి సున్నితమైన వైన్లకి ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ 2005 లెయోవిల్ బార్టన్ లాంటి మొండి వైన్‌కి నేను ఆ మాట పాటించను. మొదటి గుక్కలో వగరు పళ్లకి పట్టి, వాసన పెద్దగా రాకపోతే గాజు జగ్గులోకి వంచి గంట, గంటన్నర ఆగండి. మొదటి గుక్కే మెత్తగా, ఘుమఘుమలాడుతూ ఉంటే బాటిల్‌ని అలాగే ఉంచి, మిత్రులు కూర్చున్నాక వంచండి. మీ బాటిల్ వేడి చూసిందైతే అది ఇప్పటికే వయసు మీరి ఉంటుంది, అప్పుడు పేనో మాటే వినాలి.

వంచడం ఎలాగంటే, చారు పైతేట వంచుకున్నట్టే. ఒక చేత్తో బాటిల్, మెడ కింద ఫోన్ టార్చ్. ఒకే ధారగా, మధ్యలో ఆపి వెనక్కి ఎత్తకుండా వంచాలి. చివర్లో నల్లటి నూలుపోగు లాంటిది బాటిల్ భుజం వైపు పాకడం కనిపిస్తుంది. అది మెడలోకి రాగానే ఆపేయండి. చాలామంది చివరి చుక్కలకి ఆశపడి జగ్గు మొత్తాన్నీ కలకబారుస్తారు.

గ్లాసుల దగ్గర మన ఇళ్లల్లో జరిగే పొరపాటు వాసన. పైన మూతి కాస్త ముడుచుకున్న గాజు గ్లాసు ఏదైనా సరే, ఆరూ ఒకే రకంగా ఉంటే బాగుంటుంది. ఖరీదైనవి అక్కర్లేదు. షోకేస్‌లో బోర్లించి పెట్టిన గ్లాసులు చెక్క వాసన, కలరా ఉండల వాసన పట్టేస్తాయి. ముందురోజే తీసి సబ్బు లేకుండా వేడినీళ్లతో కడిగి, నిటారుగా ఆరబెట్టండి. మూడో వంతుకి మించి పోయకండి. ఆ సాయంత్రం హాల్లో అగరుబత్తి, సాంబ్రాణి, రూమ్ ఫ్రెషనర్ ఏదీ వద్దు. గదిలో మల్లెపూలున్నా సరే, పక్క గదిలో పెట్టేయండి. దీపం పెట్టే వేళ అది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో ముందే ఒక మాట అనుకోండి, పూజగది తలుపు దగ్గరగా వేస్తే సరిపోతుంది.

తిండి గురించి విడిగా చెప్పాలి, అందరూ ఇక్కడే పడతారు. వైన్‌లో వగరు మన లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకుంటుంది, నాలుక ఎండినట్టు అనిపించేది అందుకే. మాంసం, కొవ్వు ఉంటే ఆ వగరు కొంత వాటి మీదికి పోతుంది, ఉప్పు కూడా దాన్ని తగ్గిస్తుంది. కారం సరిగ్గా దీనికి ఎదురు: వగరు, ఆల్కహాల్ రెండూ మంటని పెంచుతాయి. పులుపు ఎక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. ఈ లెక్కన గోంగూర మటన్‌ని మించిన శత్రువు లేదు. నాకు ప్రాణమే గానీ ఆ గంట మాత్రం వద్దు. నిమ్మకాయ పిండిన కబాబులు, ఉల్లిపాయ పెరుగు, కారం మిక్చర్, పల్లీ మసాలా కూడా పక్కన పెట్టండి. చాక్లెట్ కూడా వద్దు, తీపి పక్కన ఈ వైన్ చేదెక్కుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి మీకు మంచి అవకాశాలే ఉన్నాయి. మటన్ మరగ్, చిక్కటి ఎముకల రసం, కారం లేకుండా చేయించండి. రాతి మీద కాల్చే పత్థర్ కా గోష్త్, పచ్చిమిర్చి తగ్గించి, నిమ్మ లేకుండా చేయించండి. ఇంట్లోనే అంటే మటన్ చాప్స్‌కి ఉప్పు, మిరియాలు, కొంచెం నెయ్యి పట్టించి పెనం మీద కాల్చండి, ఇంతకన్నా బాగా కలిసేది నాకు తెలీదు. శాకాహారులకి వెన్నలో బాగా వేయించిన పుట్టగొడుగులు ఉప్పు పడేలా, గట్టి రకం పాత చీజ్, ఉప్పు బాదం. నవ్వకండి గానీ, వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి కూడా పాత బోర్డోకి అడ్డురావు. ఆవకాయ కలిపారా, అంతే సంగతులు. మొదటి పావుగంట మాత్రం తిండి ఏదీ బల్ల మీద పెట్టకండి. ముందు ఊరికే వైన్ తాగనివ్వండి.

ఆ పావుగంటలో మీరేం మాట్లాడతారన్నది కూడా ముఖ్యమే. ‘ఇది ఎంతుంటుంది?’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. గ్లాసు ఖాళీ అయ్యాక చెబుతానని అనండి. ధర తెలిసిన మరుక్షణం అందరూ తాగడం మానేసి విలువ కట్టడం మొదలుపెడతారు. మీకేమనిపిస్తోందో కూడా ముందు చెప్పకండి. వాళ్లని చెప్పనివ్వండి. ఒకసారి ఇలాంటిదే, బోర్డోలోని మెడాక్ ప్రాంతపు వైన్ తెరిచినప్పుడు ఒక మిత్రుడి నాన్నగారు పక్కన కూర్చున్నారు. ప్రకాశం జిల్లా, పొగాకు రైతు, మందు ముట్టరు. వాసన చూడండి అంకుల్ అని గ్లాసు అందిస్తే రెండుసార్లు పీల్చి, ‘బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) తలుపు తీసినప్పుడు వచ్చే వాసన ఇది, ఆకు బాగా కాలినప్పటిది’ అన్నారు. వయసొచ్చిన కాబర్నే సావిన్యోన్ ద్రాక్ష వైన్‌లో పొగాకు, దేవదారు చెక్క వాసనలు వెతకమని మేం శిక్షణలో నెలల తరబడి చెబుతాం. ఆయనకి ఎవరూ చెప్పలేదు. మీ గ్లాసులోనూ నేరేడు పండు, ఎండిన పొగాకు, పెన్సిల్ చెక్కిన పొట్టు, వాన పడ్డ మట్టి లాంటివి దొరకాలి. తాగనివాళ్లు ఇంట్లో ఉంటే వాసన చూడమని గ్లాసు ఇవ్వండి, తాగమని మాత్రం బలవంతపెట్టొద్దు.

వైన్ గురించి రెండు మాటలు చెప్పాలనిపిస్తే నేనైతే 1855 వర్గీకరణ గురించి ఎక్కువ చెప్పను. మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం మెడాక్ షాటోలని, అంటే ద్రాక్షతోటల ఎస్టేట్లని, ఐదు తరగతులు చేయించాడు, ఇది రెండో తరగతిలో ఉంది, ఐరిష్ మూలాలున్న బార్టన్ కుటుంబం చేతిలో 1826 నుంచి ఉంది, అది చాలు. దానికి బదులు బోర్డో మిశ్రమం కథ చెప్పండి. మన రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి తోటల్లో కొట్టే మందు ఈ బాటిల్ వచ్చిన సాన్ జూలియాన్ ఊరి పొలాల్లోనే దొరికింది. దారిన పోయేవాళ్లు ద్రాక్షపళ్లు తెంపుకుపోతున్నారని రోడ్డు పక్క తీగలకి మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు, ఆ నీలిరంగు చూసి ఎవరూ ముట్టుకోకుండా. 1882లో బోర్డో ప్రొఫెసర్ మిల్లార్డే అటుగా వెళ్తూ, బూజు తెగులుతో మిగతా తోట ఆకులు రాలిపోతుంటే ఈ రోడ్డు పక్క తీగలు మాత్రం పచ్చగా ఉండటం గమనించాడు. ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు. వ్యవసాయం తెలిసిన ఇంటినుంచి వచ్చినవాళ్లు మీ బ్యాచ్‌లో ఒక్కరున్నా ఈ కథ వింటే గ్లాసు కింద పెట్టరు.

చివరగా ఒక హెచ్చరిక. రెండో బాటిల్ లేకుండా కూర్చోకండి. బిరడాలోంచి వచ్చే ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం వైన్‌ని పాడుచేస్తుంది. 1981లో స్విట్జర్లాండ్‌కి చెందిన హాన్స్ టానర్ దాన్ని గుర్తించాడు. లీటరుకి కొన్ని నానోగ్రాములు చాలు, తడిసిన అట్టపెట్టె, ముసురులో ఆరని బట్టల వాసన వస్తుంది. దాచడంలో లోపం కాదు, ఆ బిరడా మొదటినుంచీ అంతే. ఆరోగ్యానికి హాని లేదు, ఎంతసేపు గాలికి పెట్టినా బాగుపడదు కూడా. లండన్‌లో ఒక జంట కొడుకు పుట్టిన సంవత్సరపు బాటిల్‌ని అతని 21వ పుట్టినరోజుకి పట్టుకొచ్చారు. నేను తెరిచి వాసన చూసి చెప్పాల్సి వచ్చింది. వాళ్ల దగ్గర ఇంకొకటి ఉండబట్టి ఆ సాయంత్రం గడిచింది. మీకు తోడు బాటిల్‌గా క్రిస్మా కాబర్నే సావిన్యోన్ దొరికితే తీసుకోండి. గ్రాన్యూల్స్ ఇండియా కృష్ణప్రసాద్, ఉమ చిగురుపాటి దంపతులు హంపి కొండల దగ్గర పెట్టిన తోటది, ద్రాక్ష కూడా మీ బాటిల్‌లో ప్రధానమైన రకమే. పాతది బాగుంటే దాని తర్వాత కాకుండా, దానికన్నా ముందు తలా కొంచెం పోయండి. నోరు వగరుకి అలవాటుపడుతుంది, లేత వైన్‌కీ వయసొచ్చినదానికీ తేడా చెప్పకుండానే తెలుస్తుంది.

సగం దాచడం ఎందుకు వద్దంటున్నానో ఒక్క మాట. బిరడా తీయకుండానే అందులో సూది దింపి వైన్ తీసి, ఆ ఖాళీలో ఆర్గాన్ వాయువు నింపే కొరావిన్ పరికరం మంచిదే, కానీ మెత్తబడ్డ పాత బిరడాలో సూది దింపితే అది చెదిరిపోవచ్చు, పైగా బాటిల్ వంచినప్పుడల్లా మడ్డి లేస్తుంది. తెరిచి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే పాత వైన్ మర్నాటికే నీరసపడుతుంది.

పార్టీ రోజుకి 12 మందిలో వైన్ తాగేవాళ్లు ఎందరో లెక్కపెట్టి, ఇద్దరికొక బాటిల్ చొప్పున నాసిక్ షిరాజ్ రెడ్ వైన్ చల్లగా పెట్టండి. బిర్యానీ ముందు అదే హాయి. ఈలోగా మీ లెయోవిల్ బార్టన్‌ని వెలుతురుకి అడ్డంగా నిలబెట్టి మెడ, భుజం కనిపించేలా, రేకు పైభాగం కనిపించేలా రెండు ఫొటోలు పెట్టండి, నాలుగేళ్లూ ఎక్కడ ఉంచారో కూడా రాయండి. అవి చూస్తే గంట ముందు వంచాలా, కూర్చున్నాక వంచాలా అన్నది ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.